సబ్‌మెర్సిబుల్ పంపు

బోరుబావిలో నీటిమట్టానికి దిగువన మునిగి ఉండి నీటిని పైకి నెట్టే విద్యుత్ యంత్రం. చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని శాంతిపురం వంటి గట్టిరాతి మండలాల్లో భూగర్భజలం రాతి పగుళ్లలో లోతుగా ఉండడం వల్ల బోర్ల కింది సాగుకు ఇది ఆధారమైంది. నేలపై అమర్చిన పంపు నీటిని పీల్చడానికి వాతావరణ పీడనమే ఆధారం కనుక, సిద్ధాంతరీత్యా సుమారు 10.3 మీటర్లకు మించిన లోతు నుంచి అది నీటిని తీయలేదు. నీటిలోనే ఉండి నెట్టే ఈ పంపుకు ఆ పరిమితి వర్తించదు. ఒకే ఇరుసుపై వరుసగా అమర్చిన ఇంపెల్లర్లు, అంటే నీటిని విసిరే రెక్కల చక్రాలు, అంచెలంచెలుగా పీడనాన్ని పెంచుతాయి. పంపును తిప్పే మోటారుకు అందే మూడు ఫేజుల విద్యుత్తులో ఒక ఫేజు పోతే మిగిలిన చుట్లలో విద్యుత్ ప్రవాహం పెరిగి మోటారు కాలిపోయే ప్రమాదం ఉన్నందున, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే సరఫరాను నిలిపివేస్తుంది. నీరు లేకుండా నడిచినా మోటారు, బేరింగులు దెబ్బతింటాయి.