ఉత్తర తెలంగాణ గొర్రు, జడ్డిగం: ఒక వ్యవసాయ యంత్ర చరిత్ర

ప్రస్తావన:
విత్తే యంత్రాన్ని కనుగొన్నవాడుగా వ్యవసాయ చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఇంగ్లండుకు చెందిన జెత్రో టల్‌ను పేర్కొంటాయి. అతడు 1701లో దానిని రూపొందించాడు. 1731లో తన సేద్య పద్ధతిని గ్రంథస్థం చేశాడు. అయితే పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతులు వాడిన గొర్రు కూడా వరుసల్లో విత్తే యంత్రమే. దాని నిర్మాణాన్ని, పనితీరును, అది వాడుక తప్పిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నిర్మాణం - పనితీరు:
గొర్రు మానుకు మూడు లేక నాలుగు చెక్క పళ్లుంటాయి. వాటి కొనలకు ఇనుప కర్రులు తొడుగుతారు. ఒక్కొక్క పంటి వెనుక ఒక వెదురు గొట్టం ఉంటుంది. ఈ గొట్టాలన్నీ పైన జడ్డిగం అనే చెక్క గిన్నె రంధ్రాలలో కలుస్తాయి. ఎడ్లు గొర్రును లాగుతుండగా జడ్డిగంలో పోసిన విత్తనం గొట్టాల గుండా పదునైన నేలలోకి, సమానమైన లోతుకు చేరుతుంది. అంతర పంటగా కంది వేయాలంటే జడ్డిగంలో ఒక రంధ్రాన్ని మూసి, ఆ సాలులో వేరొక గొట్టం ద్వారా కంది విత్తుతారు. సాళ్లు సమదూరంలో ఉండటం వల్ల మొలక వచ్చాక ఎడ్లతోనే దంతె తోలి కలుపు తీయవచ్చు. వరుస విత్తనానికీ, వరుసల మధ్య దున్నకానికీ ఉన్న ఈ సంబంధమే టల్ సేద్య పద్ధతికీ మూలం.

ఆవిష్కర్త ఎవరు?:
బ్రిటిష్ సైనికాధికారి కెప్టెన్ హాల్కాట్ 18వ శతాబ్ది చివరి దశకంలో దక్షిణ భారతంలో ఇటువంటి పరికరాన్ని చూశాడు. అంతవరకు దానిని ఆధునిక యూరపు ఆవిష్కరణగా తాను భావించినట్లు, ఇక్కడ మాత్రం అది అనాదిగా వాడుకలో ఉన్నట్లు లండన్‌లోని వ్యవసాయ మండలికి రాశాడు. ధరంపాల్ 1971లో ప్రచురించిన గ్రంథం ద్వారా ఆ లేఖ తిరిగి వెలుగులోకి వచ్చింది.

గొర్రును ఏ ఒక్కరి పేరుకూ ముడిపెట్టలేము. చెక్కపని వడ్లవారిది, కర్రుపని కమ్మరిది. టల్ యంత్రంలో చక్రంతో పాటు తిరిగే భాగం విత్తనాన్ని కొలిచి వదిలేది. గొర్రులో ఆ పని జడ్డిగం వెంట నడిచే స్త్రీ చేతిది. ఎడ్ల నడకకు తగినట్లు ఆమె పిడికిలి వేళ్ల సందుల నుండి విత్తనం వదలాలి. చేయి తడబడితే ఒకచోట మొలక ఒత్తుగా వస్తుంది, మరొకచోట సాలు ఖాళీగా మిగులుతుంది. కనుక ఆ చేతి నైపుణ్యాన్ని కూడా యంత్రంలో భాగంగానే పరిగణించాలి.

మార్పు:
చెలకల్లో, రేగళ్లలో జొన్న, కంది తగ్గి పత్తి విస్తరించినకొద్దీ జడ్డిగం అవసరం తగ్గింది. ఖరీదైన సంకర విత్తనాన్ని గుప్పిళ్లతో పోయలేరు. అచ్చు తోలి, గింజ గింజనూ చేతితో పెడతారు. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత ఈ పద్ధతి మరింత వ్యాపించింది. ట్రాక్టరు గొర్రులో విత్తనాన్ని చక్రమే కొలుస్తుంది.

ముగింపు:
ప్రదర్శనశాలలో గొర్రు చెక్కను భద్రపరచవచ్చు. విత్తనం వదిలే వేగం, పిడికిలి పట్టు, పదును గుర్తింపు మాత్రం విత్తిన స్త్రీల జ్ఞాపకంలోనే ఉన్నాయి. వారు ఉండగానే ఆ పరిజ్ఞానాన్ని వారి మాటల్లో నమోదు చేయడం ఈ రెండు జిల్లాల వ్యవసాయ చరిత్ర పరిశోధనలో తక్షణ కర్తవ్యం.