బట్టమేక పిట్ట: మన మెట్టభూములకు దూరమైన మహాపక్షి

బట్టమేక పిట్ట భారత ఉపఖండంలో తప్ప మరెక్కడా లేని పక్షి. దీని శాస్త్రీయ నామం ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్. నిలబడినప్పుడు సుమారు ఒక మీటరు ఎత్తు ఉంటుంది. మగ పక్షి 15 కిలోల వరకు తూగగలదు. ఆడది అందులో సగానికి మించదు. ఎగరగలిగిన పక్షులలో ప్రపంచంలోనే అత్యంత బరువైన వాటిలో ఇది ఒకటి. నెత్తిన నల్లని టోపీ వంటి ఈకలు, తెల్లని పొడవాటి మెడ, గోధుమవన్నె వీపు దీని గుర్తులు. కాలికి వెనుక వేలు లేనందున చెట్టుకొమ్మపై వాలలేదు. బతుకంతా నేలమీదనే.

మరాఠీలో దీనిని మాళ్‌ఢోక్ అనీ, రాజస్థాన్‌లో గోడావణ్ అనీ పిలుస్తారు. కన్నడిగులు పెట్టిన పేరు ఎరెభూత. ఎరె అనగా నల్లరేగడి నేల. చదునైన రేగడిలో మనిషి నడుమెత్తున కదలక మెదలక నిలబడి చూసే పక్షికి ఆ పేరు అతికినట్లున్నది. మిడతలు, పేడపురుగులు, తొండలు, రేగుపండ్లు, వేరుశనగ, తిండిగింజలు దీని ఆహారం. పంటకు చేసే నష్టం కన్న పురుగులను తిని చేసే మేలే ఎక్కువ.

1969లో దేశం మొత్తంమీద వీటి సంఖ్య సుమారు 1,260 అని అంచనా వేశారు. నేడు 150కి మించి లేవని అంచనా. అందులో అత్యధిక భాగం రాజస్థాన్ థార్ ఎడారిలోనే ఉన్నవి. తమిళనాడు, ఒడిశా మైదానాలలో ఒకప్పుడు ఉండేవి, ఇప్పుడు లేవు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2011లో దీనిని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చినది. జాతీయ పక్షిగా దీనిని ఎంపిక చేయాలని ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వాదించారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కినది.

ఇంతటి క్షీణతకు వేట ఒక కారణం. తుపాకులు, జీపులు వచ్చిన తరువాత బయలునేలపై తిరిగే ఈ పక్షికి దాగే చోటు లేకపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనిని చేర్చడంతో వేట చాలావరకు తగ్గినది. అయినా సంఖ్య పెరగలేదు. అసలు కారణం నేలలో ఉన్నది. బట్టమేక పిట్ట అడవి పక్షి కాదు; గడ్డి బీళ్ళ పక్షి. ఆ బీళ్ళకు మన రెవెన్యూ రికార్డులలో ఉన్న పేర్లు బంజరు, పోరంబోకు. పనికిరాని నేల అని ముద్ర పడిన చోటును ఎవరైనా వాడుకోవచ్చు: పట్టాలివ్వవచ్చు, కాలువ తవ్వవచ్చు, చెట్లు నాటవచ్చు. చెట్లు నాటడం కూడా హానియేనా అని పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చును. కర్ణాటకలోని రాణిబెన్నూరులో 1974లో అభయారణ్యం ఏర్పడినది. అక్కడి బయలులో చాలాభాగం నీలగిరి చెట్లతో నిండినది. చుట్టూ దూరం వరకు చూడగలిగితేనే నిబ్బరంగా ఉండే పక్షి అక్కడ మిగలలేదు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ రోళ్ళపాడు. ఇది పూర్వపు కర్నూలు జిల్లాలో, 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. 1980లలో ఇక్కడ పదుల సంఖ్యలో బట్టమేక పిట్టలు కనిపించేవి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఇక్కడే ఉండి వాటి జీవితాన్ని అధ్యయనం చేశారు. 1988లో 614 హెక్టార్ల గడ్డిభూమిని అభయారణ్యంగా ప్రకటించారు. కంచె లోపల గడ్డి పెరిగినది, దానితోపాటు కృష్ణజింకలూ పెరిగినవి. పక్కనున్న పొలాలు వాటి మేతకు గురియైనవి. ఆ నష్టం భరించినది రైతు. మేత బీడు పోగొట్టుకున్నది గొర్రెల కాపరి. పిట్ట పేరు చెప్పి తమ బతుకు ఇరుకు చేశారన్న కోపం వారిలో కలిగినదంటే తప్పుపట్టలేము. ఆ తరువాత తెలుగుగంగ నీరు వచ్చినది, అలగనూరు జలాశయం కట్టారు, మెట్టపైరులు పోయి తరి పంటలు వచ్చినవి. కంచె లోపలి 614 హెక్టార్లు ఉన్నవి గాని, ఈ పక్షి మేతకు తిరిగే కంచె బయటి కొర్ర, జొన్న చేలు, బీళ్ళు తగ్గిపోయినవి. రోళ్ళపాడులో కృష్ణజింకలు నేటికీ కనిపిస్తాయి. బట్టమేక పిట్ట కనిపించడమే వార్త అయినది.

తుంగభద్రకు ఆవల, బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో వేళ్ళపై లెక్కించదగినన్ని పక్షులు మిగిలినవి. అదీ నదీకాలువల వరిపొలాల మధ్య మిగిలిన మెట్టలో. షోలాపూరు సమీపంలోని నన్నజ్‌లో 1979లో ప్రకటించిన అభయారణ్యం విస్తీర్ణం సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. ఊళ్ళకు ఊళ్ళు అందులో చేరాయి. భూమి అమ్మకాలపై, నిర్మాణాలపై ఆంక్షలతో ప్రజలు విసిగిన తరువాత దానిని బాగా కుదించారు. ఒకచోట మరీ చిన్నది, మరొకచోట మరీ పెద్దది. రెండుచోట్లా పిట్ట నిలువలేదు.

ఇటీవలి ముప్పు విద్యుత్ తీగలు. ఈ పక్షి కళ్ళు తలకు ఇరువైపులా ఉన్నందున ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు. కనబడినా బరువు కారణంగా చప్పున పక్కకు తప్పుకోలేదు. ఎండ, గాలి పుష్కలంగా ఉండే బయళ్ళలోనే సౌర, పవన విద్యుత్ కేంద్రాలు రావడం దాని దురదృష్టం. తీగలను భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించినది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల సంఘానికి అప్పగించినది. మరోవైపు జైసల్మేర్ జిల్లాలో 2019 నుండి గుడ్లను సేకరించి కృత్రిమంగా పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా తొలి పిల్ల పుట్టినది.

ఈ జాతి తిరిగి పెరగడం ఎందుకంత నిదానమో దాని గూడు చూస్తే తెలుస్తుంది. నిజానికి గూడంటూ లేదు. బోసి నేలపై చిన్న గుంట మాత్రమే. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెట్టి, ఒంటరిగా దాదాపు 27 రోజులు పొదుగుతుంది. కాకి, నక్క, ఊరకుక్క, గొర్రెల మంద, దేని వలననైనా ఆ గుడ్డు పోవచ్చు. సరిహద్దు గ్రామాలలో మెట్ట దున్నేవారు, మందలు తోలేవారు ఇటువంటి పక్షిని గాని, నేలపై గుడ్డును గాని చూసినయెడల దగ్గరకు పోరాదు, ఫొటో కోసం తరుమరాదు, గుడ్డును తాకరాదు. కుక్కలను కట్టివేసి అటవీశాఖ కార్యాలయానికి తెలియజేయవలెను. దీనిని చంపినవారికి 2022లో సవరించిన చట్టం ప్రకారం మూడు నుండి ఏడు సంవత్సరాల జైలుశిక్ష పడుతుంది. గుడ్డు పొలంలోనే ఉన్నట్లయితే దాని చుట్టూ కొంత నేలను పిల్ల లేచి తల్లి వెంట నడిచిపోయే వరకు దున్నకుండా వదలవలెను.