కిక్రీ గొంతు నొక్కింది గిటారేనా?

దీపావళికి ముందు వారం ఆసిఫాబాద్ నుంచి జైనూరు వైపు వెళ్ళే దారిలో ఒక గోండు గూడెంలో దండారి చూశాను. నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీలు ఆడారు. తుడుం, డప్పు మోగాయి. పెప్రె ఊదారు. పెద్దల ఆట ముగియగానే కుర్రవాళ్ళు సౌండు బాక్సులు తెచ్చి గోండి పాటే పెట్టారు. అయితే కీబోర్డు, యంత్రం కొట్టే దరువు వాటి వెనుక ఉన్నాయి. నా వెంట వచ్చిన మిత్రుడు “సంస్కృతి చచ్చిపోయింది” అన్నాడు. పక్కనున్న పర్ధాన్ వృద్ధుణ్ణి కిక్రీ ఎందుకు వాయించటం లేదని అడిగాను. “వినెటోళ్ళున్నరు సారూ, పెట్టెటోళ్ళే లేరు” అన్నాడాయన.

మిత్రుడి మాటకూ, ఆ వృద్ధుడి మాటకూ మధ్యనున్న దూరమే ఈ వ్యాసానికి వస్తువు.

జానపద బాణీని కొత్త వాద్యాలతో కలపటం మనకొక్కరికే వచ్చిన సమస్య కాదు. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతపు కెల్టిక్ ప్రజలది బ్రెటన్ భాష. బడిలో ఆ భాష మాట్లాడిన పిల్లల్ని శిక్షించిన చరిత్ర ఆ దేశానిది. మరుగున పడిన కెల్టిక్ హార్ప్‌ను ఒక తండ్రి 1953లో మళ్ళీ తయారుచేస్తే, ఆయన కొడుకు ఆలన్ స్టివెల్ 1972లో పారిస్ ఒలింపియా వేదిక మీద దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ల సరసన వాయించాడు. బ్రెటన్‌లో బోధించే దివాన్ బడులు 1977లో మొదలయ్యాయి. పాటే ఆ బడుల్ని పెట్టించిందని నేననను. పాట, భాష ఒకే ఆత్మగౌరవ ఉద్యమంలో నడిచాయని మాత్రం అంటాను.

అదే 1972లో హైదరాబాదులో జననాట్యమండలి పుట్టింది. అంతకు ముప్పయ్యేళ్ళ క్రితమే ప్రజానాట్యమండలి జంగంకథను బుర్రకథగా మలిచి, నాజర్ గొంతుతో ఊరూరా వినిపించింది. గద్దర్ తరం ఒగ్గుకథ నుంచీ, కూలీల పని పాటల నుంచీ బాణీలు తీసుకుని వాటిలో కొత్త వస్తువు పోసింది. మనలో ఎవరూ దాన్ని కల్తీ అనలేదు. అనకపోవటం సరైనదే. రూపం ఎన్నడూ స్వచ్ఛంగా లేదు. కనుక కుర్రవాళ్ళ కీబోర్డును చూసి ముక్కున వేలేసుకునే నైతిక హక్కు మనకు లేదు.

మరి కిక్రీ ఎందుకు మూగబోయింది? కమానుతో వాయించే ఈ మూడు తీగల వాద్యం వినోదం కోసం పుట్టలేదు. గోండు వంశాల పురాణాన్నీ, దేవతల కథల్నీ పాడటం పర్ధాన్ వృత్తి. ఇంట్లో మరాఠీ మాట్లాడే పర్ధాన్ కూడా ఆ కథను గోండిలోనే పాడాడు. ప్రతిఫలంగా గోండు రైతు ధాన్యమో, పశువో ఇచ్చేవాడు. అంటే ఆ పాట భూమి మీద నిలబడింది. అడవిని రిజర్వు చేసి, పోడును నేరం చేసి, వలస వచ్చినవాళ్ళ చేతికీ షావుకార్ల చేతికీ భూమి పోయాక, ఇచ్చే చెయ్యే ఖాళీ అయింది. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఆ భూమి కోసమే. గిటారు ఈ అడవికి రాకముందే కిక్రీకి కూడు కరువైంది.

ఆ తిరుగుబాటు తరువాతనే నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు వినక తప్పలేదు. హైమెండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలై, గోండిలో వాచకాలు వచ్చాయి. బ్రిటనీలో దివాన్ బడుల కన్నా అది ముప్పయ్యేళ్ళ ముందు మాట! తరువాతి ప్రభుత్వాల కింద ఆ బడి భాష నిలవలేదు.

అదే మార్లవాయికి చెందిన కనకరాజు 1981లో ఢిల్లీలో ఇందిరాగాంధీ ఎదుట గుస్సాడీ ఆడారు. అదే సంవత్సరం ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభ పెట్టుకోవటానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికార లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. రాజ్యానికి గుస్సాడీ ఆట కావాలి, ఆడేవాడి భూమి ప్రశ్న అక్కరలేదు. కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఆ గౌరవం ఆయనకు ముమ్మాటికీ తగినదే. కాని పతకం బాణీని బతికించదు.

ఇక మన సంగతి. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’ సినిమాలో భీం పాట దేశమంతా మోగింది. అది తెలుగు పాట. సినిమాను తప్పుపట్టటం తేలిక. మనం భీం మీద రాసిన కవితలు, పాటలు, కథలు మాత్రం ఏ భాషలో ఉన్నాయి? వీరుణ్ణి తీసుకున్నాం, దరువు తీసుకున్నాం. భాషను గూడెంలోనే వదిలేసి వచ్చాం.

ఆ రాత్రి బాక్సుల్లో మోగిన పాటలో యంత్రం ఉంది. మాట మాత్రం గోండిది, కట్టినవాళ్ళు గోండు పిల్లలు. కలయికను తూచవలసిన రాయి ఇదే: వాద్యం ఎక్కడిదన్నది కాదు, పాట ఎవరి చేతిలో ఉంది, ఎవరి నోటి భాషలో ఉంది, దాని కూలి ఎవరికి ముడుతోంది అన్నది. ఆ పిల్లలు తమ పాటలోకి పర్ధాన్ తాతను కూడా పిలిచి, ఆయన వాటా ఆయనకు ఇచ్చిన రోజున కిక్రీ గిటారు పక్కనే మోగుతుంది. ఆ పాటను మనం గోండిలోనే వినటం నేర్చుకోవాలి.