మాహిష్మతి: కల్పన వెనుక చరిత్ర

ఉక్కు నగరం భిలాయికి తూర్పున, భిలాయి-3 సమీపంలో దేవబలోద అనే గ్రామం ఉన్నది. అక్కడ ఒక కోనేటి పక్కన కలచురి రాజుల కాలం నాటి శివాలయం నిలిచి ఉన్నది. గోడలపై వేట దృశ్యాలు, దేవతామూర్తులు చెక్కి ఉన్నాయి. శిఖరం మాత్రం పూర్తి కాలేదు. ఆలయాన్ని కడుతున్న శిల్పి సిగ్గుతో కోనేటిలో దూకి, సొరంగ మార్గాన ఆరంగ్‌లో తేలి, శిలగా మారినాడని స్థానికులు కథగా చెప్పుకుంటారు. చరిత్ర అసంపూర్ణంగా విడిచిన చోటును కల్పన ఎట్లా పూరిస్తుందో ఈ చిన్న కథ సూచిస్తుంది.

ఇదే పని పెద్ద ఎత్తున ఇటీవలి తెలుగు చలనచిత్రాలలో జరిగింది. ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వంలో, వి. విజయేంద్రప్రసాద్ కథతో 2015, 2017 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడిన 'బాహుబలి' దేశమంతటా ప్రజాదరణ పొందింది. అందులోని మాహిష్మతి, కుంతల రాజ్యాలు కల్పితాలు. కాని ఆ పేర్లు కల్పితాలు కావు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఈ కర్మాగారం కోసం ఉత్తరాంధ్ర నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు భిలాయిలో అనేకం ఉన్నాయి. వారు వెండితెరపై చూసిన మాహిష్మతి పేరుకూ, వారు నివసిస్తున్న నేలకూ గల బంధం ఆలోచింపదగినది.

మాహిష్మతి నర్మదా తీరంలోని ప్రాచీన నగరం. మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ అదేనని పలువురి అభిప్రాయం. మాంధాత అని మరికొందరు భావించారు. అది హైహయ వంశీయుడైన కార్తవీర్యార్జునుని రాజధాని అని పురాణాలు చెప్పుచున్నవి. సహదేవుని దిగ్విజయ సందర్భంలో, అగ్నిదేవుని రక్షణ గల నగరంగా మహాభారతం దీనిని వర్ణించింది. రఘువంశంలో ఇందుమతీ స్వయంవర ఘట్టాన కాళిదాసు దీనిని స్మరించినాడు. బౌద్ధుల సుత్తనిపాతంలో గోదావరీ తీరాన నివసించిన బావరి శిష్యులు ఉత్తరానికి సాగిన మార్గంలో ప్రతిష్ఠానం తరువాత మాహిష్మతి, ఆ పిమ్మట ఉజ్జయిని వస్తాయి. అనగా గోదావరి ప్రాంతానికి మాహిష్మతి పరాయి ఊరు కాదు, దారిలోని మజిలీ.

చారిత్రక యుగంలో, క్రీ.శ. ఆరు, ఏడు శతాబ్దులలో తొలి కలచురులు మాహిష్మతి నుండి పాలించినట్లు చరిత్రకారులు భావిస్తారు. వారిలో బుద్ధరాజును బాదామి చాళుక్య మంగళేశుడు ఓడించినట్లు 602 నాటి మహాకూట స్తంభశాసనం తెలుపుతున్నది. బాదామి కుంతల దేశంలోనిది. చిత్రంలో వియ్యమందిన రెండు పేర్లు చరిత్రలో కత్తులు దూసుకున్నవి.

హైహయులమని చెప్పుకున్న కలచురులు అనంతరం త్రిపురిలో బలపడినారు. వారి శాఖ ఒకటి దక్షిణ కోసలకు, అనగా నేటి ఛత్తీస్‌గఢ్‌కు వచ్చింది. 1114 నాటి మొదటి జాజల్లదేవుని రత్నపుర శాసనం ఈ వృత్తాంతాన్ని ఆసక్తికరంగా చెప్పుచున్నది. కోకల్లునికి పదునెనిమిది మంది కుమారులు. జ్యేష్ఠుడు త్రిపురికి ప్రభువు కాగా, తక్కినవారు మండలాధిపతులైనారు. ఆ కనిష్ఠులలో ఒకని వంశీయుడైన కళింగరాజు దక్షిణ కోసలను జయించి తుమ్మాణంలో నిలిచినాడు. అన్నదమ్ముల మధ్య రాజ్య విభాగమనే చిక్కు ముడికి వీరు కనుగొన్న పరిష్కారం కొత్త నేలను వెదకుకొనుట. మొదటి రత్నదేవుడు రత్నపురాన్ని నిర్మించినాడు. తరువాతి కాలంలో శివనాథ నదికి ఉత్తరాన పదునెనిమిది గఢాలు రత్నపురం కింద, దక్షిణాన పదునెనిమిది రాయపురం కింద ఉండేవని ప్రసిద్ధి. ఛత్తీస్‌గఢ్ అనే పేరుకు మూలం ఇదేనని చెబుతారు. భిలాయిని ఆనుకొని ఉన్న దుర్గ్ వాటిలో ఒకటి. 1741లో మరాఠాలు రత్నపురాన్ని లోబరచుకొనే వరకు ఈ వంశం పాలన సాగింది.

ఈ రాజుల చరిత్ర తెలుగు నేలనూ తాకింది. పన్నెండవ శతాబ్ది ప్రథమార్ధంలో రెండవ రత్నదేవుడు కళింగాధిపతి చోడగంగుని ఓడించినట్లు కలచురి శాసనాలు చాటుచున్నవి. చోడగంగుని పూర్వుల రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. ఆనాడు సైన్యాలు ఎదురుపడిన రెండు దేశాల ప్రజలు నేడు ఒకే కర్మాగారంలో కలిసి పనిచేస్తున్నారు.

ఇక బాహుబలి నామం. జైన సంప్రదాయంలో బాహుబలి ఋషభనాథుని కుమారుడు, పౌదనపుర ప్రభువు. ఈ పౌదనపురం నిజామాబాద్ జిల్లాలోని బోధన్ అని పలువురు పండితులు గుర్తించినారు. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని కూడా అదే. ఆ వంశానికి చెందిన యుద్ధమల్లుడు పోదనలో నూనె నింపిన కోనేళ్లలో ఏనుగులకు స్నానం చేయించేవాడని 966 నాటి పర్భణి తామ్రశాసనం వర్ణించింది. ఏ జానపద చిత్రమూ దీనికి మించి ఊహింపలేదు. వేములవాడ ఆస్థానంలోనే పంపకవి 941లో ఆదిపురాణాన్ని కన్నడంలో రచించి, భరత బాహుబలుల ద్వంద్వాన్ని చిత్రించినాడు. పౌదనపురంలో బాహుబలి మహామూర్తి ఉన్నదన్న వార్తయే శ్రవణబెళగొళ విగ్రహ నిర్మాణానికి చావుండరాయని ప్రేరేపించిందని ఐతిహ్యం.

హైహయ నామం ఆంధ్రదేశంలోనూ నిలిచింది. కోనమండల ప్రభువులు తాము కార్తవీర్యుని వంశీయులమని 1195 నాటి పిఠాపుర శాసనంలో చెప్పుకున్నారు. పల్నాటి ప్రభువులు కూడా హైహయులే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో అతని సవతి సోదరుడు మలిదేవరాజు. కోడిపందెంతో రాజుకొన్న వైరం వనవాసానికి, దూతగా వెళ్లిన అలరాజు విషప్రయోగంతో మరణించుటకు, తుదకు కారెంపూడి రణరంగానికి దారితీసింది. మాహిష్మతి ప్రభువుల వారసత్వం చాటుకున్న వంశంలో దాయాదులు సింహాసనం కోసం పోరాడిన కథ తెలుగువారికి వెండితెర కంటే ఎనిమిది శతాబ్దుల ముందే తెలుసు.

చిత్రకర్తలు ఈ శాసనాలను ఆధారం చేసుకున్నారని చెప్పుట సరికాదు. పేర్లు జనస్మృతిలో ప్రయాణించి కొత్త కథలలో చేరతాయి. అయితే ఆ ప్రయాణంలో అర్థం మారుతుంది. చిత్రంలో న్యాయమైన వారసుడు శత్రువును హతమార్చి కిరీటం ధరిస్తాడు. జైన కథలో దృష్టి, జల, మల్లయుద్ధాలలో గెలిచిన బాహుబలి, అన్నను భుజాన ఎత్తిన క్షణాన రాజ్యకాంక్ష ఎంత నీచమైనదో గ్రహించి, అన్నీ విడిచి తపస్సుకు పోతాడు. పల్నాటిలో వీరులు నేలకొరిగిన పిదప గెలుపునకు అర్థమే మిగలలేదు. విజయం, త్యాగం, వినాశం: ఒకే ప్రశ్నకు మూడు సమాధానాలు. మొదటిది మాత్రమే మిగిలి తక్కిన రెండూ మరుగున పడితే నష్టపోయేది ప్రేక్షకుడే.

మాహిష్మతి అన్న మాట నేడు ఏ పిల్లవానికైనా తెలుసు. ఆ మాటను పట్టుకొని అతనిని దేవబలోద గుడి మెట్ల దాకా, బోధన్ దాకా, కారెంపూడి వీరుల గుడి దాకా నడిపించవచ్చు. కల్పన తలుపు తెరిచింది. లోపలికి తీసుకుపోవలసింది చరిత్ర తెలిసిన పెద్దలు.