రెండు చిరుతలు

నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు మార్గమున మైదానము ముగిసి కొండలు ఎదురగును. ఆ ప్రాంతమువారికి చిరుత యనగా కొండచరియల పొదలలో మసలి, రాత్రివేళ ఊరంచునకు వచ్చి మేకనో కుక్కనో ఎత్తుకొనిపోవు చిరుతపులియే. కాని పూర్వపు వ్రాతలను చదువునపుడు ఈ ఒక్క మాట మమ్ము చిక్కులలో పడవేయుచుండును. ఏలయనగా విశాఖపట్టణము జిల్లా చరిత్రలో చోటు సంపాదించిన చిరుత వేరొకటి కలదు. అది వేటచిరుత. హిందీవారు దానిని చీతా యందురు. సంస్కృత చిత్రక శబ్దమే దానికి మూలము. ఆంగ్లేయులు సైతము దక్షిణదేశమున చిరుతపులినే చీతాయని తరచు వ్రాసియుండుటచే చిక్కు ఇనుమడించినది.

చూడ నేర్చినవారికి రెంటికిని పోలిక స్వల్పము. చిరుతపులి మచ్చలు వలయములుగా నుండును. వేటచిరుతవి నిండైన నల్లని చుక్కలు. కంటికొననుండి నోటిదనుక కన్నీటి చారవంటి గీత యొకటి దిగును. అది గర్జింపలేదు, పిల్లివలె గురగురలాడును. గోళ్లు పూర్తిగా లోనికి ముడుచుకొనవు గనుక పరుగున నేలను పట్టుకొనును. గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగము దానిది. అయినను ఆ వేగము కొన్ని వందల గజముల మాత్రమే. పిదప రొప్పుచు నిలుచును. అలసినవేళ దుమ్ములగొండి వచ్చి బెదరించినను వేటను విడిచిపోవును. చిరుతపులి యట్లు కాదు: పొంచియుండి దూకి, చంపిన జంతువును చెట్టెక్కించి దాచుకొనును. కావున దానికి అడవి తగును. వేటచిరుతకు కృష్ణజింకలు తిరుగు బయలు కావలెను.

రాజులు దీనిని కండ్లకు గంతలు కట్టి బండిమీద జింకలమందల చెంతకు గొనిపోయి విడిచెడివారు. అయితే ఆ కాలమున బందిఖానాలో ఇది పిల్లలను పెట్టుట మిక్కిలి అరుదు. జహంగీరు కాలమున, 1613లో, ఒక్కమారు ఈనుట వింతగా వ్రాసి యుంచబడినది. వేట నేర్పునది తల్లియే గనుక, ఎదిగిన జంతువులనే పట్టెడివారు. ఆస్థానమున చేరిన ప్రతి చీతాయు బయలున ఒకటి తరుగుటయే.

1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా నుండిన ఒ. బి. ఇర్విన్ దొర, విజయనగరము రాజుగారి వేటచిరుత గాయపరచుటచే మరణించెను. భారతదేశమున చీతావలన మనుష్యుడు మరణించినట్లు తెలిసిన ఉదంతమిదొక్కటే. అదియును పెంచిన జంతువే! అయినను ప్రభుత్వము 1871నుండియే చీతాలను చంపినవారికి బహుమతులిచ్చుచుండెను. ఇంత సాధుజంతువునకు ఇట్టి వెల కట్టుట మాకు విడ్డూరముగానే తోచును.

1947లో కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడింటిని కాల్చెను. 1952లో దేశమున చీతా నశించినదని ప్రకటించిరి. 2022 సెప్టెంబరు 17న నమీబియానుండి ఎనిమిదింటిని మధ్యప్రదేశమునందలి కూనోకు తెచ్చిరి.

నర్సీపట్నము దిగువ బయళ్లు నేడు వరికిని చెరకుకును చెందినవి. ఇచట చీతాకు చోటు లేదు. చిరుతపులి మాత్రము కుందేలైనను కుక్కయైనను తిని, తుప్పచాటున దాగి బ్రదుకగలదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము దానిని చంపుట నిషేధించినది. మేకలదొడ్డికి రాత్రి తలుపు బిగించుకొను కొండపల్లెలవారికి మాత్రము చిరుతయన్న నేటికిని అదియే.