మూసీ ఒడ్డున రెండు నిర్మాణాలు (వాడ నుంచి నగరం దాకా – 9)



హైదరాబాద్ చరిత్ర అనగానే చార్మినార్, గోల్కొండ, నవాబుల దేవిడీలు చూపిస్తారు. అక్కడ్నుంచి ఒక్క గంతులో హైటెక్ సిటీకి వస్తారు. నగరాన్ని ఊడ్చినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు, తోలు పని చేసినవాళ్లు ఈ కథలో కూలీలుగా కూడా కనిపించరు. అందరికీ సమానమైన నగరం ఎలా ఉండాలని ఇప్పుడు పెద్ద పెద్ద హోటళ్లలో సెమినార్లు పెడుతున్నారు. ఆ ప్రశ్నను నూరేళ్ల కిందటే మనవాళ్లు అడిగారు. అడిగి ఊరుకోలేదు, పని మొదలుపెట్టారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది చనిపోయారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. రోడ్లు వెడల్పయ్యాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంది.

అదే కాలంలో, అదే నగరంలో ఇంకో నిర్మాణం కూడా జరిగింది. దానికి ఖజానా లేదు, ఇంజనీర్లు లేరు.

1888లో మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్యే మన భాగ్యరెడ్డి వర్మ. ఈ నేల మొదటి పాలకులం మేమేనన్న వాదన ఆ పేరులోనే ఉంది. 1906లో ఆయన జగన్ మిత్ర మండలి స్థాపించారు. బస్తీల్లో హరికథలు చెప్పించి, ఆ కథల మధ్యే తాగుడు గురించి, చదువు గురించి మాట్లాడించారు. చదువు రానివాళ్ల దగ్గరికి కరపత్రం పట్టుకుపోతే ఏం లాభం? వాళ్లు వినే రూపంలోనే విషయం చెప్పాలని ఆయనకు తెలుసు. 1911లో అదే మాన్య సంఘమైంది.

1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. తర్వాత లింగంపల్లిలో. రాజ్యం భాష ఉర్దూ. మన పిల్లల ఇంటి భాష తెలుగు. అందుకే ఆ బడుల్లో పాఠం తెలుగులో చెప్పారు. ఒక్కొక్కటిగా అవి 26 అయ్యాయి. 1930ల నడుమ ప్రభుత్వం వాటిని తన చేతుల్లోకి తీసుకునేనాటికి దాదాపు 2,500 మంది పిల్లలు చదువుతున్నారు. ఈ వరుస గమనించండి. ముందు జనం బడి కట్టారు. సర్కారు తర్వాత వచ్చింది.

బడితోపాటు పేరు కూడా కావాలి. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. మేం ఐదో వాళ్లం కాదు, ఈ నేలకు ఆది మనుషులం అన్నారు. ఆ సభే ఆది ఆంధ్ర సభగా పేరు మార్చుకుంది. హైదరాబాద్‌లో ఆది హిందూ ఉద్యమం నడిచింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. పేరు మారితే కడుపు నిండుతుందా అని కొందరు ఎగతాళి చేస్తారు. లెక్కలో ఎవరో రాసిన తిట్టు పేరుతో ఉన్నవాడు దయ కోసం చేయి చాపాలి. తన పేరుతో తాను ఉన్నవాడు వాటా అడుగుతాడు. తేడా అంత పెద్దది.

దేవుడి పేరుతో మన ఆడపిల్లల్ని జోగినిలుగా, మురళీలుగా మార్చే ఆచారం మీద కూడా వాళ్లు పోరాడారు. ఇంటి గౌరవం లేకుండా నగర గౌరవం రాదు.

ఇంకో మాట దాచకుండా చెప్పుకోవాలి. ఈ ఉద్యమం ఒక్క గొంతుతో సాగలేదు. మాల నాయకత్వం మీద మాదిగలకు అసంతృప్తి ఉండేది. వాళ్లు అరుంధతీయ పేరుతో సొంత సంఘాలు పెట్టుకున్నారు. దీన్ని చీలిక అని బాధపడేవాళ్లున్నారు. నేనైతే దీన్ని ప్రశ్న అంటాను. బయటివాడిని సమానత్వం అడిగేవాళ్లు లోపలివాడికి ఎంత ఇస్తున్నారు? ఆ ప్రశ్న ఈ రోజుకీ మన ముందే ఉంది.

ఇప్పుడు మళ్లీ మూసీ దగ్గరికి రండి. 2024లో మూసీ సుందరీకరణ పేరుతో చాదర్‌ఘాట్ వైపు బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర గుర్తులు వేశారు. ఆది హిందూ భవన్ ఉన్నది ఆ చాదర్‌ఘాట్‌లోనే. అక్కడ బతుకుతున్నది ఎక్కువగా దళితులు, ముస్లింలు, రోజుకూలీలు. నది బాగుపడాలి, ఎవరూ కాదనరు. కానీ డబుల్ బెడ్‌రూమ్ తాళం చేతిలో పెట్టగానే లెక్క సరిపోదు. ఆ పిల్లల బడి ఎక్కడ? ఆ తల్లి పాచిపనికి వెళ్లే ఇల్లు ఎంత దూరం? ఆ ప్లాను గీసిన బల్ల దగ్గర బస్తీ మనిషి కూర్చున్నాడా?

1912 బోర్డు రోడ్లు వేసింది, మనుషుల్ని అడగలేదు. మాన్య సంఘం మనుషులతో మొదలుపెట్టింది. నగరానికి రెండూ కావాలి. మొదటిది రాజ్యం ఎప్పుడూ చేస్తూనే ఉంటుంది. రెండోది మనం చేయకపోతే ఎవరూ చేయరు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ బస్తీలో మొదటి బడి ఎవరు పెట్టారో, ఎవరి జాగాలో పెట్టారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. పట్టా కాగితం లేని చోట ఆ చరిత్రే మన సాక్ష్యం.

వచ్చే భాగంలో అరిగె రామస్వామి గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.