గదిలో కచేరి: ధ్వనిని ఇంటికి తెచ్చిన చరిత్ర

ఒక గృహస్థు తన ఇంటిలో హోమ్ థియేటరు అమర్చుకొన్నాడనుకొందాము. ఐదు చిన్న పెట్టెలు, ఒక పెద్ద పెట్టె గదిలో చేరినవి. సినిమా చూచునప్పుడు ఉరుము ఉరిమితే గోడలు అదరుచున్నవి. హెలికాప్టరు తల వెనుకనుండి వచ్చి ముందుకు పోవుచున్నది. ఇంటిల్లిపాదికీ సంతోషమే. కాని ఆదివారము ఉదయము వీణ కచేరి పెట్టుకొన్నప్పుడు మాత్రము ఆయనకు తృప్తి కలుగలేదు. మంద్రస్థాయిలో ఒక స్వరము పలికితే గది అంతా హోరుమనుచున్నది. తీగను మీటిన స్పష్టత చెవికి అందుట లేదు. మృదంగము డొల్లగాను, గాత్రము బావిలోనుండి వచ్చినట్లుగాను ఉన్నది.

ఇప్పుడాయన ఏమి చేయవలెను? ఇంకా ఎక్కువ వాట్ల వర్ధకము కొనవలెనా? లావుపాటి తీగలు వేయవలెనా? పెట్టెలు మార్చవలెనా? దుకాణదారుని అడిగితే ఏదో ఒక వస్తువు చూపించును. ఆ ప్రశ్ననే చరిత్రను అడిగితే వేరొక సమాధానము వచ్చును. సుమారు 150 సంవత్సరములనుండి శాస్త్రజ్ఞులు ధ్వనిని బంధించి తిరిగి వినిపించుటకు కృషి చేయుచున్నారు. ప్రతి తరములోను వారు వేసికొన్న ప్రశ్న ఒక్కటే: ధ్వని ఎక్కడ చెడిపోవుచున్నది? ఆ కథను వరుసగా చూతము.

బూరల కాలము

1877లో ఎడిసన్ తగరపు రేకుపై మానవ కంఠమును ముద్రించి తిరిగి పలికించినాడు. 1887లో బెర్లినర్ గుండ్రని పళ్లెముపై గాడి గీయు పద్ధతిని తెచ్చినాడు. ఇదే గ్రామఫోనుకు మూలము. ఆనాటి ముద్రణలో విద్యుత్తునకు పాత్ర లేదు. గాయకుడు పెద్ద బూరలోనికి గట్టిగా పాడవలెను. ఆ గాలి ఒత్తిడికి బూర చివరనున్న పలుచని పొర కంపించును. పొరకు తగిలించిన ముల్లు మైనముపై గాడి గీయును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలను గైస్‌బర్గ్ ఈ విధముగానే ముద్రించినాడు. ఒక్కొక్క పాటకు దొరికిన వ్యవధి సుమారు మూడు నిమిషములు మాత్రమే.

మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. బూర పట్టుకొన్నది దాదాపు 200 మొదలు 2,000 వరకే. పోయినదేమిటి? ఒక స్వరము పలికినప్పుడు మూలస్వరముతోబాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కంపనములు గల అతిస్వరములు కూడ పుట్టును. వీణకు వీణగా, వేణువుకు వేణువుగా గుర్తింపు నిచ్చునవి ఇవియే. విశాఖపట్టణములో బాల్యము గడిపి అక్కడనే మెట్రిక్యులేషను ముగించిన సి. వి. రామన్, 1920లో మన చర్మవాద్యములలోని ఒక విశేషమును ప్రకటించినాడు. సామాన్యముగా డప్పువంటి వాద్యములలో అతిస్వరములు మూలస్వరముతో పొసగవు. మృదంగము మధ్యనుండు నల్లని పూత ఆ చర్మపు బరువును మార్చి, అతిస్వరములను సరియైన నిష్పత్తిలోనికి తెచ్చుచున్నది. అందుచేతనే మృదంగమునకు శ్రుతి కలిగినది. ఇంత సూక్ష్మమైన నిర్మాణము బూర గొంతులోనే చిక్కుకొని పోయినది. ఆ కాలమున ధ్వని చెడిన చోటు ముద్రణయంత్రమే.

విద్యుత్తు ప్రవేశించినది

1906లో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడులు గల శూన్యనాళికను నిర్మించినాడు. బలహీనమైన విద్యుత్ సంకేతమును పెద్దది చేయుట దీనితో సాధ్యమైనది. మాక్స్‌ఫీల్డ్, హారిసన్ అను ఇంజనీర్ల కృషి ఫలితముగా 1925లో మైక్రోఫోనుతో ముద్రించిన పళ్లెములు మార్కెట్టుకు వచ్చినవి. సెకనుకు సుమారు 5,000 కంపనముల వరకు ఇప్పుడు పళ్లెముపైకి ఎక్కినవి. గాయకుడు అరవవలసిన పని తప్పినది.

అదే సంవత్సరము రైస్, కెల్లాగ్ అను ఇద్దరు వినిపించు సాధనమును సరిచేసినారు. వారి లౌడ్ స్పీకరులో కాగితపు శంకువునకు సన్నని తీగచుట్ట అతికింపబడి, ఒక అయస్కాంతము సందులో కదలుచుండును. తీగచుట్టలో సంగీతమును అనుసరించి విద్యుత్తు ప్రవహించగా, శంకువు ముందువెనుకలకు కదలి గాలిని కదల్చును. కదిలే తీగచుట్ట ఆలోచన 1898లోనే ఆలివర్ లాడ్జికి తట్టినది. దానిని సంగీతమునకు పనికివచ్చునట్లు రూపొందించిన ఘనత వీరిది. నేటికిని మన ఇండ్లలోని స్పీకరులలో అధికభాగము ఆ సూత్రముపైననే పనిచేయుచున్నవి.

మిగిలినది వర్ధకము. అది సంకేతమును పెంచుటతోబాటు వక్రీకరించుచుండెను. 1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరు హడ్సన్ నదిపై పడవలో ఉద్యోగమునకు పోవుచుండగా ఒక ఉపాయము తట్టినది. చేతిలోనున్న వార్తాపత్రిక పుటపైననే దానిని వ్రాసికొన్నాడు. వర్ధకమునుండి వెలువడినదానిలో కొంత భాగమును తలక్రిందులు చేసి మొదటికే పంపినయెడల, అది తన తప్పును తానే దిద్దుకొనును. శక్తి కొంత తగ్గును గాని స్వచ్ఛత ఎంతో పెరుగును. 1947లో విలియమ్‌సన్ ఈ సూత్రముతో 15 వాట్ల వర్ధకమును రచించి, వక్రీకరణమును నూటికి 0.1 పాలుకు దించినాడు. అప్పటినుండి, సరిగా నిర్మించిన వర్ధకము ధ్వనిని చెడగొట్టు ముఖ్యస్థానము కాదు.

వాట్ల లెక్క కూడ ఇక్కడనే తెలిసికొనవలెను. 50 వాట్లకు బదులు 100 వాట్లు పెట్టితే ధ్వని రెట్టింపు వినబడదు. పెరుగునది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి అది కొద్దిపాటి హెచ్చు. రెట్టింపు గట్టిగా తోచుటకు దాదాపు పదిరెట్లు శక్తి కావలెను. తీగల విషయమును అట్టిదే. గదిలోని కొద్ది మీటర్ల దూరమునకు సామాన్యమైన రాగి తీగ చాలును.

పెట్టె చిన్నదైన కథ

శంకువు ముందుకు కదలినప్పుడు ముందుగాలి నొక్కుకొనును, వెనుకగాలి పలుచబడును. ఈ రెండును కలిసినచో మంద్రధ్వనులు పరస్పరము రద్దగును. అందుచే శంకువును పెట్టెలో బిగించిరి. లోతైన మంద్రము కావలెనన్న బీరువా అంత పెట్టె అవసరమయ్యెడిది. 1954లో ఎడ్గార్ విల్చర్ ఈ కష్టమును తొలగించినాడు. శంకువు అంచును మెత్తగా చేసి, పెట్టెను గాలి చొరకుండ మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకొన్నాడు. పుస్తకముల అలమరలో పట్టు పెట్టెనుండి గంభీరమైన మంద్రము వచ్చినది. తరువాత ఆయన సంస్థ బహిరంగసభలలో ఒక పరీక్ష చేసినది. వేదికపై నలుగురు వాద్యకారులు వాయించుచు, మధ్యలో చేతులు ఆడించుచునే ఊరకుందురు. ఆ భాగమును స్పీకరులు వినిపించును. మార్పు ఎక్కడ జరిగినదో శ్రోతలలో చాలామంది పోల్చలేకపోయినారు. మంచి స్పీకరు ఏమి చేయగలదో ఆ పరీక్ష చూపినది.

రెండు చెవులు, ఆరు పెట్టెలు

1931లో బ్లమ్‌లీన్ అను ఆంగ్ల ఇంజనీరు రెండు మార్గములలో ధ్వనిని ముద్రించు పద్ధతికి పేటెంటు కోరినాడు. తెరపై నటుడు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నడచునప్పుడు మాట కూడ వానితో నడువవలెనని ఆయన కోరిక. మన రెండు చెవులకు ధ్వని చేరుటలోగల స్వల్పమైన కాలభేదము, తీవ్రతాభేదమే దిక్కును తెలుపును. 1933లో ఫిలడెల్ఫియాలో వాయించిన సంగీతమును మూడు మార్గములలో తీగలపై పంపి, వాషింగ్టన్ సభామందిరములో వినిపించినారు. బ్లమ్‌లీన్ 1942లో రాడారు పరీక్షలో జరిగిన విమాన ప్రమాదమున మరణించినాడు. స్టీరియో పళ్లెములు బజారులో వ్యాపించినది 1958 ప్రాంతముననే. దానిని ఆయన చూడలేదు.

ఇంటిలోని ఆరు పెట్టెల వంశము వేరు. అవి సినిమాహాలునుండి వచ్చినవి. 1992లో సినిమాహాళ్లకు డిజిటల్ ధ్వని వచ్చినప్పుడు ఐదు మార్గములు సంపూర్ణ ధ్వనికి, ఆరవది 120 హెర్ట్జ్‌కు లోబడిన ఉరుములకు, ప్రేలుళ్లకు కేటాయించినారు. డీవీడీల ద్వారా ఆ ఏర్పాటు ఇంటికి వచ్చినది. కాని సంగీతములో అధికభాగము నేటికిని రెండు మార్గములలోనే ముద్రింపబడుచున్నది. రెండు మార్గముల సంగీతమును కృత్రిమముగా ఐదు పెట్టెలకు పంచినప్పుడు, గాయకుని స్థానము చెదరిపోవచ్చును. వీణ వినునప్పుడు యంత్రమును స్టీరియో అమరికలో పెట్టుట కాసు ఖర్చు లేని మొదటి సంస్కారము.

మరచిపోయిన యంత్రము

ఇంతవరకు ముద్రణ, వర్ధకము, స్పీకరు, మార్గములు అన్నియు చక్కబడినవి. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, చెవికి వినబడు అవధి అంతటిని పట్టుకొన్నది. అయినను మన గృహస్థుని వీణ హోరుమనుచునే ఉన్నది. ఎందుచేత? చివరి యంత్రము పెట్టెలో లేదు. అది ఆయన కూర్చున్న గది.

ఈ సత్యము అన్నిటికంటె ముందే తెలిసినది. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫాగ్ మ్యూజియము ఉపన్యాసశాల కొత్తగా కట్టబడినది. అందులో ఆచార్యులు చెప్పునది విద్యార్థులకు అర్థము కాలేదు. పలికిన మాట గదిలో సుమారు ఐదున్నర సెకనులు నిలిచి, తరువాతి మాటలపై పడుచుండెను. దానిని సరిచేయుమని వాలెస్ సబీన్ అను యువకునికి అప్పగించినారు. ఆయన వద్దనున్నవి ఒక ఆర్గన్ గొట్టము, కాలమును కొలుచు సాధనము, తన చెవి. నిశ్శబ్దము కొరకు రాత్రివేళ పనిచేసినాడు. సమీపమునగల మరియొక సభాశాలనుండి దిండ్లు మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా బెంచీలపై పరచి, శబ్దము ఎంతసేపు నిలుచునో కొలిచినాడు. దిండ్లు పెరిగినకొలది ప్రతినాదకాలము తగ్గినది. సంవత్సరముల కృషి తరువాత సూత్రము చిక్కినది. నేటి రూపములో అది ఇట్లుండును: గది ఘనపరిమాణమును 0.161తో గుణించి, గదిలోని మొత్తము శోషణముచే భాగించిన ప్రతినాదకాలము సెకనులలో వచ్చును. 1900లో ప్రారంభమైన బాస్టన్ సింఫనీ హాలుకు ఆయనయే సలహాదారు.

మన గృహస్థుని గదికి ఈ లెక్క వేయుదము. పొడవు 5, వెడల్పు 4, ఎత్తు 3 మీటర్లు. ఘనపరిమాణము 60 ఘనమీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి 94 చదరపు మీటర్లు. సున్నపు గోడ, రాతి పలకలు తమపై పడిన ధ్వనిలో నూటికి 3 పాళ్లు మాత్రమే మ్రింగుననుకొందాము. శోషణము సుమారు 2.8. ప్రతినాదకాలము సుమారు 3.4 సెకనులు. ఇప్పుడు 10 చదరపు మీటర్ల మేర, నూటికి 60 పాళ్లు మ్రింగగల మందమైన పరుపులు, బొంతలు, తెరలు చేర్చినచో శోషణము 8.5కు పెరిగి, కాలము 1.1 సెకనుకు దిగును. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి, సామాను చేర్చిన తరువాత మరల కొట్టి చూచిన ఈ భేదము ఎవరికైనను తెలియును.

మంద్రధ్వనులకు బొంతలు చాలవు. సెకనుకు 50 కంపనములు గల ధ్వని తరంగము సుమారు 6.8 మీటర్ల పొడవుండును. గుడ్డ దానిని ఆపలేదు. 5 మీటర్ల గదిలో 34, 68, 102 కంపనముల వద్ద స్థిరతరంగములు ఏర్పడి, ఒక చోట హోరు, మరియొక చోట శూన్యము కలిగించును. దీనికి మందు స్థానము మార్చుటయే. మంద్రపు పెట్టెను తాత్కాలికముగా వినువాని కుర్చీ ఉన్నచోట ఉంచి, సంగీతము పెట్టి, గోడల వెంబడి వంగి నడచుచు వినవలెను. ఎక్కడ మంద్రము సమముగా వినబడునో అక్కడ పెట్టెను ఉంచవలెను. ధ్వనిని పుట్టించు చోటును, విను చోటును తారుమారు చేసినను ఫలితము మారదు గనుక ఇది సాధ్యము.

ప్రక్కగోడలకు ఒక అద్దము చాలును. శ్రోత తన చోట కూర్చుండగా మరియొకరు గోడ వెంట అద్దమును జరుపవలెను. అద్దములో స్పీకరు కనబడినచోటనే ధ్వని మొదట పరావర్తనము చెందును. అక్కడ మందమైన తెర వ్రేలాడదీసిన మీటు స్పష్టపడును. ఇది పాఠశాలలో చెప్పు పరావర్తన నియమమే.

కనుక క్రమము తేలినది. మొదట అమరిక, తరువాత స్థానములు, ఆపైన గది. అప్పటికిని లోపము మిగిలినచో రెండు మంచి స్పీకరులు. వర్ధకము చివర. ప్రతి మార్పునకు ముందు, తరువాత ఒకే పాటను ఒకే తీవ్రతలో వినవలెను. ఏలయనగా, 1933లో ఫ్లెచర్, మన్‌సన్ నిరూపించినట్లు, తీవ్రత మారినచో మంద్రధ్వనులకు మన చెవి స్పందించు తీరు కూడ మారును. కొంచెము గట్టిగా పలుకు పెట్టె మెరుగైనదని భ్రమ కలుగుట అందుచేతనే. వినువానికి ఏది మారినదో చెప్పకుండుట ఇంకను మేలు.

ఈ కథ సంగీతప్రియులకు మాత్రమే కాదు. సబీన్ పని ఒక ఉపన్యాసశాలలో, పాఠము వినబడని విద్యార్థుల కొరకు మొదలైనది. నున్నని గోడలు, రాతినేల, రేకుల కప్పు గల తరగతిగదిలో ఉపాధ్యాయుడు గొంతు చించుకొనుచు, వెనుక బెంచీలవారు సగమే వినుచున్నచోట కూడ తప్పు గొంతుది కాదు, చెవిది కాదు. చిన్న తరగతిగదులలో ప్రతినాదకాలము 0.6 సెకనును మించరాదని అమెరికా 2002లో ప్రమాణము చేసికొన్నది. మన గదిలో అది ఎంత? టేపు, కాగితము, కలము ఉన్నచో విద్యార్థులే ఒక పూటలో లెక్కకట్టగలరు. మైకు కొనుటకు ముందు ఆ లెక్క వేసి చూచుట మంచిది.